థైరాయిడ్ అని చెప్పాను

పీణ్యలో లేడీస్ పీజీ, మూడో అంతస్తు.
రాత్రి తొమ్మిదికి నా ఫోను మోగదు,
తొడ మీద వణుకుతుంది.
మాత్రల డబ్బాలో దూది కుక్కి ఉంచుతాను
నడిచేటప్పుడు గలగలమనకుండా.
పేరున్న కాగితం నానబెట్టి గోటితో గీకేశాను.
బంక మాత్రం పోలేదు,
పట్టుకున్నప్పుడల్లా వేలికి అంటుతుంది.

"రోజూ ఏం మాత్రే అది?" అంది చంద్రకళ
వచ్చిన మొదటి వారమే.
"థైరాయిడ్."
పొద్దున బస్సు కిటికీలోంచి చూసిన
ఏదో ల్యాబు బోర్డు మీది మాట.

కోలారులో వాళ్ళమ్మకీ అదేనట.
అప్పట్నుంచి నా కంచంలో క్యాబేజీ పడనివ్వదు.
మెస్సు ఆంటీతో కన్నడంలో పోట్లాడి
నాకు విడిగా బీన్స్ పల్యం చేయిస్తుంది.
"పరగడుపున కదా వేసుకోవాలి,
నువ్వేంటి రాత్రి మింగుతావు?" అని
నా కోసం ఫోనులో వెతికి వెతికి చదువుతుంది.

క్యాబేజీ అంటే నాకు ప్రాణం.
లేని జబ్బుకి ఇంత ప్రేమ దొరుకుతుంటే
ఉన్నదాన్ని యాడ పెట్టుకోను?

జేజి దీన్ని బలం మాత్ర అనేది.
బెల్లంముక్క చేతిలో పట్టుకుని,
ముందు మింగితేనే ఇచ్చేది.
పదమూడో ఏట ఒక మేడం
కాగితం మీద సైనికుల్నీ, నిద్రపోయే పురుగునీ గీసి
అసలు సంగతి చెప్పింది.
నేను అడిగింది ఒక్కటే:
"అయితే ఇది బలానికి కాదా?"
ఆ రాత్రి జేజి నా మొహం చూడలేదు.
చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.
ఒలిచినవే మళ్ళీ ఒలిచింది.

నెలకోసారి ఆసుపత్రికి పోవాలి.
గార్మెంట్స్‌లో "ఊళ్ళో పెళ్ళి" అని సెలవడుగుతాను.
ఈ ఏడాది మా ఊళ్ళో పదకొండు పెళ్ళిళ్ళయ్యాయి.
పిల్లల గది గోడ మీద చేపలుండేవి.
పద్దెనిమిది దాటగానే పెద్దల గదికి మార్చారు,
అక్కడ గోడ మీద ఏమీ లేదు.
కౌన్సెలర్ తలెత్తకుండా చదువుతుంది:
గత రెండు వారాల్లో ఎన్ని రోజులు
బేజారుగా అనిపించింది?

బేజారు.
కన్నడంలోనూ అదే, జేజి నోట్లోనూ అదే.
పొయ్యి రాజుకోకున్నా బేజారే, కోడి తప్పిపోయినా బేజారే.
నాకు వచ్చేదానికి ఆ పేరు చాలదు.
బకెట్ నిండి పొర్లుతుంటుంది,
నేను ఎదురుగానే నిలబడి ఉంటాను,
కుళాయి కట్టేయబుద్ధి కాదు.
చేతిలో మాత్ర ఉంటుంది, గ్లాసులో నీళ్ళుంటాయి,
ఎవరి కోసం అని అడిగే గొంతు నాదే.

వెనక వరుస పొడుగ్గా ఉంది.
"కొన్ని రోజులు" దగ్గర టిక్కు పెట్టించుకున్నాను.
రిపోర్టులో వైరస్ కనపడలేదట.
"గుడ్ గర్ల్" అంది.
కనపడనిది అదొక్కటే కాదు మేడం.

ఓబులేసు నాకు చేపల గది నుంచీ స్నేహితుడు.
చేదు సిరప్పు మింగి
ఎవరు ముందు మొహం మామూలుగా పెడతారో
పందెం కట్టేవాళ్ళం.
ఎప్పుడూ వాడే గెలిచేవాడు.
ఆ మొహమే ఇంకా పెట్టుకుని తిరుగుతున్నాడని
మూడు వారాలు ఫోను ఎత్తకపోతే గాని
నాకు తట్టలేదు.

కామాక్షిపాళ్యలో లేత్ వర్క్‌షాపు పైన రేకుల గది.
ఆదివారం మధ్యాహ్నం మూడింటికి
చాప మీద పడుకునే ఉన్నాడు.
అటక మీద డబ్బా, మూత మీద ఇనుప రజను.
"పానం బాగలేదా?"
"పానం బాగుంది. నేనే బాగలేను."
తిట్టాను.
చచ్చిపోయిన వాళ్ళమ్మని కూడా మధ్యలోకి లాగాను,
లాగకూడదు.
వాడేమీ అనలేదు.
చాలాసేపటికి, ఎందుకో,
నా బకెట్ సంగతి చెప్పాను.
లేచి కూర్చున్నాడు. "నీకూనా?"
అప్పుడు చిట్లించాడు మొహం,
ఇన్నేళ్ళకి,
సిరప్పు ఇప్పుడే గొంతులో దిగినట్టు.

"రేపు ఆ మేడం దగ్గరికి ఇద్దరం పోదాం.
ఈసారి నిజం టిక్కులు పెడదాం."
"నీ డ్యూటీ?"
"మా ఊళ్ళో పన్నెండో పెళ్ళి."

తిరిగొచ్చేసరికి తొమ్మిదిన్నర.
చంద్రకళ మేలుకునే ఉంది,
నా కంచం మీద ఇంకో కంచం బోర్లించి.
"మాత్ర టైము దాటిపోయిందే!"
డబ్బాలోంచి దూది తీసి పక్కన పెట్టాను.
గలగలమంది.
"చంద్రీ, నాకు క్యాబేజీ ఇష్టం."
"మరి థైరాయిడ్?"

ఫ్యాను తిరుగుతోంది.
మాత్ర నాలిక మీదే ఉంది,
ఇంకా మింగలేదు.